గంజి పెట్టిన రెక్క

తెగిన పోగును వేళ్ల మధ్య పట్టి, కాస్త ఉమ్మి తడి చేసి, నర్సయ్య ముడివేశాడు. సాంచె, ఆ మరమగ్గం, మళ్లీ నడిచింది. అటు తిరిగేలోపే ఇంకో సాంచె ఆగింది. దానికీ ముడివేశాడు. సిరిసిల్ల సాంచాల మోతలోనే ముసలివాడైన మనిషి. చెవులు సగం పోయాయి. వీపు వంగింది. దూది ధూళి కనుబొమ్మల మీద తెల్లగా పేరుకుని ఉంటుంది. ఈ రోజు తలెత్తి ఎవరి మొహమూ చూడటం లేదు.

పొద్దున జరిగింది వాడకంతా తెలిసిపోయింది.

అతని దొడ్లో విమానం ఉంది. ఒక్క మనిషి కూర్చునేది. వెదురు బద్దలు, అల్యూమినియం పైపులు, పాత మోటరుసైకిల్ ఇంజను. ఇంజను పని గులాం మొహియుద్దీన్‌ది. మెకానిక్ షాపు మూసేశాక కోరుట్లలో ఉన్న కూతురు ముస్కాన్ వచ్చి ఉండమని పోరుతోంది. "గిది జానెడన్న నేలిడిసినంకనే పోత నర్సన్నా," అని ఆగిపోయాడు ఆయన.

రెక్కల బట్ట నర్సయ్యది. తన సాంచె మీద నేసిన నూలు గుడ్డ. అది బిగియడానికి వార్నిష్ కొడదామన్నాడు మొహియుద్దీన్.

"బట్ట సంగతి నాకిడిసిపెట్టు భాయ్. బిగియాల్నంటే గంజే."

బియ్యపు గంజి చిక్కగా కాచి పట్టించాడు. ఎండకు రెక్కలు డప్పుల్లా మోగాయి. రాత్రి తుంపరకు మెత్తబడ్డాయి. తెల్లారేసరికి పక్కింటి మల్లక్క బర్రె తాడు తెంపుకొని వచ్చింది. గంజి రుచి మరిగి నాకి నాకి, ఎడమ రెక్క గుడ్డ సగం నమిలి మింగింది.

చాయ్ వేళకు సాంచాలు ఆగాయి.

"నర్సన్నా, ఇమానం లేసిందట గదా?" అన్నాడు పక్క సాంచాల వీరేందర్.

"లేసింది, సీదా బర్రె కడుపులకే," అన్నాడు ఎల్లేశం. "రేపు పొద్దుగాల ల్యాండయితది. మల్లక్క తట్ట పట్టుకొని నిలవడ్డది."

నవ్వులకు రేకుల కప్పు అదిరింది. నర్సయ్య చెవులు కాలాయి. తనూ నవ్వాడు. నవ్వుతూనే నోటికొచ్చింది అనేశాడు.

"ఇమానమేందిరా! గిది గణపతి మండపంల పెట్టే సెట్టింగు. ఇమానమనేది గా ముసలాయిన పిచ్చి. పాపమని తోడున్న, గంతే."

నవ్వులు ఆగాయి. అందరూ వాకిలి వైపు చూస్తున్నారు. అక్కడ మొహియుద్దీన్ నిలబడి ఉన్నాడు. కళ్లద్దాలు తీసి లుంగీ అంచుతో తుడుచుకున్నాడు. మళ్లీ పెట్టుకున్నాడు. చెయ్యెత్తి సలాం చేసి వెనుదిరిగాడు.

వెంట ఉరికితే అన్నది అబద్ధమని వీళ్లకు తెలిసిపోతుంది. నర్సయ్య కాళ్లు కదల్లేదు. ఎవరో కరెంటు వేశారు. మోత మొదలైంది.

పొద్దుగూకే వేళ ఇంటికి చేరేసరికి భార్య లచ్చవ్వ గడపలో కూర్చుని ఉంది.

"భాయ్ అచ్చి పోయిండు. కోరుట్ల బస్సుకు పోతున్న, ఇగ ఆడ్నే ఉంట అన్నడు. చాయ్ తాగుమంటే తాగలే."

"ఇంకేమన్నడు?"

"గోడకాడ గాదాన్ని పెట్టిపోయిండు. మండపానికి పనికస్తదన్నడు. ఏ మండపమయ్యా?"

నర్సయ్య గోడ వైపు తిరిగాడు.

గోడకు ఆనించి ఉంది, విమానం ముక్కుకు బిగించే టేకు చెక్క పంకా. గరుకు అన్నది లేకుండా మొహియుద్దీన్ చెక్కి, నున్నగా రుద్దిన పంకా. ఇంజనుకు తగిలించే నడిమి బెజ్జంలోకి దుమ్ము పోకుండా ఉతికిన తెల్ల రుమాలు మడతపెట్టి కుక్కి ఉంది.