పధ్నాలుగో రోజు

మా అమ్మకి గడువు దాటడమంటే పడదు. గ్రంథాలయం పుస్తకం పధ్నాలుగు రోజుల్లో తిరిగి ఇవ్వాలని రూలైతే, పదమూడో రోజునే దాన్ని సంచిలో సర్ది గుమ్మం పక్క మేకుకి తగిలించేది. వాన పడనీ, నాన్నకి జ్వరం రానీ, పధ్నాలుగో రోజు పొద్దున్నే ఆ సంచి భుజాన వేసుకుని కాలవగట్టు పట్టేది. ఆ పట్టుదలని అందరూ మెచ్చుకునేవారు. నాకు పదమూడేళ్ళు వచ్చేదాకా నేనూ మెచ్చుకున్నాను.

మా నాన్న యోబు కొల్లేటి వైపు పోయే కాలవ మీద లాకు లస్కరు. లాకు తలుపులు తీసి, వేసి పడవలు దాటించడం ఆయన పని. గవర్నమెంటు వాళ్ళు కట్టిచ్చిన ఒక గది, ఒక వసారా మా ఇల్లు. ఊరు అక్కడికి మైలున్నర. ఊళ్ళో బడి ఉంది, యేసమ్మ అని పేరు రాయించి నన్ను అందులో వేశారు కూడా. మేము క్రైస్తవులం, పేటవాళ్ళం కనక నన్ను లోపల కాకుండా చూరు కింద కూర్చోబెట్టారు. అలా కూర్చోబెట్టడం చట్టం కాదని అమ్మ అంటే, "అయితే ఆ చట్టాన్నే వచ్చి పాఠం చెప్పమను" అన్నాడు మాస్టారు. చూరునీళ్ళు పడి నా పలక మీద అక్షరాలు కరిగిపోయిన రోజున అమ్మ నన్ను చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చేసింది. పెళ్ళికి ముందు అమ్మ ఏలూరులో మిషను బోర్డింగులో ఉండి ఎనిమిదో క్లాసు దాకా చదివింది.

"నాకు వచ్చింది నీకు చెబుతాను. నాకు రానిది ఇద్దరం పుస్తకాల్లో చూసుకుందాం" అంది.

పుస్తకాలు ఎక్కణ్ణుంచి వస్తాయని అప్పుడు ఎవరూ అడగలేదు. అదృష్టం కొద్దీ మరుసటి ఏడాదే ఊళ్ళో శాఖా గ్రంథాలయం తెరిచారు. బియ్యం కొట్టు పక్కన చిన్న గది, రెండు బీరువాలు, ఒక బల్ల, అచ్యుతరావుగారు. ఊరందరూ మా అమ్మని "ఏమే లిడియా" అంటే, ఆయనొక్కరే "మీరు" అనేవారు. పుస్తకం ఇంటికి తీసుకెళ్ళాలంటే ఊళ్ళో పన్ను కట్టే గృహస్థు ఎవరైనా హామీ సంతకం పెట్టాలి. అమ్మ నాలుగు గుమ్మాలు ఎక్కి దిగింది. ఆ నాలుగిళ్ళలోనూ కలం కనపడలేదట. అయిదోరోజున అచ్యుతరావుగారు ఆ కాగితం అడిగి తీసుకుని హామీదారు గడిలో తన పేరే రాసేశారు. పధ్నాలుగు రోజుల పట్టుదల అప్పుడు పుట్టింది. మన వల్ల ఆయన సంతకానికి మాట రాకూడదు అనేది అమ్మ.

మా బడి పడవల మధ్య నడిచేది. పడవ వస్తే నేనూ నాన్నకి సాయం పట్టేదాన్ని, అది దాటిపోగానే మళ్ళీ పాఠం. ఏలూరు నుంచి నెలకోసారి పెట్టెలో కొత్త పుస్తకాలు వచ్చేవి. మాకు ఏవి కావాలో అమ్మ ముందే చీటీ రాసి ఇచ్చేది. పటాలు పల్చని కాగితం మీద ఎత్తి రాసుకునేవాళ్ళం. ముందురోజు పేపరు గ్రంథాలయంలో నిలబడి చదివి, ఇంటికొచ్చి నాన్నకి అప్పజెప్పాలి. అయిదేళ్ళలో ఆ రెండు బీరువాల్లో మేము ముట్టని పుస్తకం లేదు.

అచ్యుతరావుగారి కూతురు చంద్రకళది నా వయసే. పెద్దమనిషయిందని వాళ్ళ నాయనమ్మ బడి మానిపించేసింది. ఆయన కూడా ఆ పుస్తకాలతోనే కూతురికి ఇంట్లో చదువు చెబుతున్నారు. యాభై అయిదు ఏప్రిల్లో మా ఇద్దరిచేతా ఏలూరులో ప్రైవేటుగా ఎనిమిదో క్లాసు ఇ.ఎస్.ఎల్.సి. పరీక్ష రాయించాలని అమ్మా ఆయనా అనుకున్నారు. అది పాసైతే ట్రెయినింగు, ట్రెయినింగు అయితే టీచరు ఉద్యోగం. టీచరుని ఎవరూ చూరు కింద కూర్చోబెట్టలేరు. నాకు పగలూ రాత్రీ అదొక్కటే ధ్యాస.

సామాన్యశాస్త్రం పుస్తకం మాత్రం ఒక్కటే దొరికింది. రెండు వారాలు మా ఇంట్లో, రెండు వారాలు వాళ్ళింట్లో. నేనూ చంద్రకళా కలిసి కూర్చుని మాట్లాడుకున్నది మూడుసార్లకి మించి లేదు. కానీ పుస్తకం మా దగ్గరికి వచ్చినప్పుడు అందులో కాగితం ముక్క ఉండేది. "గుండెకి గదులెన్ని? చూడకుండా చెప్పు." నేను జవాబు రాసి, నా ప్రశ్న రాసి పంపేదాన్ని. ఒకసారి "నువ్వు పాసై నేను తప్పితే నీతో మాట్లాడను" అని రాసింది. నేనూ అదే రాశాను.

ఫిబ్రవరి నెలాఖరులో పుస్తకం మా ఇంటికి వచ్చిన మూడోరోజున చెల్లెలు రత్నానికి జ్వరం తగిలింది. రత్నానికి ఏడేళ్ళు. మరో మూడు రోజులకి మొహం నిండా పొక్కులు లేచాయి. నాకు చిన్నప్పుడే ఏలూరులో టీకా వేయించారు. అది పుట్టేనాటికి లాకుకి వచ్చేశాం, దాని సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

అవతలి గట్టున చేపలు పట్టుకునే వాళ్ళ గుడిసెల నుంచి నాంచారమ్మ వచ్చి, గుమ్మం బయటే నిలబడి చూసింది.

"అమ్మవారు పోసింది లిడియమ్మా. ఏపమండ కట్టు."

"మేం అలాంటివి చెయ్యమండీ."

"మొక్కమనట్లేదు తల్లీ. తగ్గాక మూడు నీళ్ళు పోసేదాకా ఈ ఇంట్లోకి ఎవురూ రాకూడదు, ఈ ఇంట్లోంచి గిన్ని కూడా బయటికెళ్ళకూడదు. మండ చూత్తే ఎవురికన్నా తెలుత్తాది."

అమ్మ కట్టలేదు. వేపమండ కడితే అమ్మవారిని ఒప్పుకున్నట్టేనని, సంఘంలో మాట వస్తుందని ఆవిడ లెక్క. ప్రార్థన చేసుకుంది, గంజి కాచింది, రత్నం పక్కన కూర్చుని కాపలా కాసింది. తప్పు ఆవిడ భక్తిది అనను. తనకి రాని పాఠం పుస్తకాల్లో చూసుకుందాం అన్న మనిషి, ఎదురుగా నిలబడి చెబుతున్న నాంచారమ్మ మాట పాఠం కాదనుకుంది. నేనూ అలాగే అనుకున్నాను. చదువుకుంటున్నామన్న పొగరు మా ఇంట్లో అందరికీ ఉండేది.

పొక్కులు ఎండుతున్న కొద్దీ రత్నానికి దురద. గోళ్ళతో రక్కేసుకునేది. గోక్కుంటే మచ్చలు పడతాయని అమ్మ దాని రెండు చేతుల్లోనూ సామాన్యశాస్త్రం పుస్తకం పెట్టింది. అందులో కప్ప బొమ్మలు, పక్షుల బొమ్మలు ఉన్నాయి. "చేతులు పుస్తకం మీంచి తియ్యకు, ఒక్కొక్క బొమ్మా చూసి పేరు చెప్పు" అనేది. రత్నం రోజంతా దాన్ని గుండెల మీద పెట్టుకుని పేజీలు తిప్పుతూనే ఉంది. మచ్చలు నిజంగానే తక్కువ పడ్డాయి.

పధ్నాలుగో రోజు వచ్చేసరికి జ్వరం పోయింది, పెచ్చులు రాలుతున్నాయి. అమ్మ పుస్తకం ఎండలో దులిపి, తడిగుడ్డతో అట్ట తుడిచి, కొత్త కాగితం తొడిగింది. అంటురోగం ఉన్న ఇంటినుంచి పుస్తకం తిరిగి ఇవ్వకుండా ముందు కబురు చెయ్యాలన్న రూలు అట్ట వెనకాల అచ్చు వేసే ఉంది. ఆవిడకి తెలుసు. "ఎండిపోయాయిగా, ఇంకేం అంటుతుంది. ఆ అమ్మాయి పుస్తకం కోసం కాచుక్కూచుని ఉంటుంది" అని సంచి భుజాన వేసుకుంది. నేను అందులో నా కాగితం ముక్క పెట్టాను.

పన్నెండు రోజుల తరవాత చంద్రకళకి జ్వరం వచ్చింది. ఊళ్ళో అంతవరకు ఎవరికీ లేదు. టీకాల వాళ్ళు వచ్చినప్పుడల్లా నాయనమ్మ ఆ పిల్లని పెరటి దారిన పంపేసేదట. ఆ మాట విన్నప్పుడు మా ఇంట్లో అందరం ఎంతో కొంత తేలికపడ్డాం. మనుషులం అంత చవక.

పదో రోజున చంద్రకళ చనిపోయింది.

అమ్మా నేనూ వెళ్ళేసరికి గ్రంథాలయం మూసి ఉంది. వాళ్ళిల్లు దాని వెనకే. పెరట్లో హెల్తు ఇన్‌స్పెక్టరు పరుపు, బట్టలు, పుస్తకాలు పోగు పెట్టించి కిరసనాయిలు పోయిస్తున్నాడు. సామాన్యశాస్త్రం పైనే ఉంది, అమ్మ తొడిగిన కాగితంతో సహా. "ఎండిన పెచ్చుల్లోనే ఎక్కువ ఉంటుందండీ, నెలల తరబడి చావదు" అని పక్కవాళ్ళకి చెబుతున్నాడు. అమ్మ నా భుజం పట్టుకుంది. నాకు నొప్పెట్టేంత గట్టిగా పట్టుకుంది.

అచ్యుతరావుగారు మమ్మల్ని చూసి దూరం నుంచే చెయ్యెత్తి ఆపారు.

"దగ్గరికి రాకండమ్మా. చిన్నపిల్ల ఉంది మీ ఇంట్లో. పుస్తకాల పెట్టె కోసం ఏలూరు వెళ్ళినప్పుడు నేనే అంటించుకొచ్చి ఉంటాను. మీ పిల్లలకి కూడా అంటితే నేను బతకలేను."

గట్టు మీద సగం దూరం వచ్చాక అమ్మ నిలబడిపోయింది. "వెనక్కెళ్ళి చెప్పేస్తాను" అంది.

"ఇప్పుడా?"

"ఆయన తనవల్లే అనుకుంటున్నారు యేసూ."

"నా హాలు టిక్కెట్టు ఆయన అడ్రసుకే రావాలి. అప్లికేషను మీద సంతకం ఆయనదే. ఆయనకి కోపమొస్తే? ఊళ్ళో అందరికీ తెలిస్తే? పరీక్ష అయ్యాక చెబుదువుగాని."

నేను ఏడవలేదు, బతిమాలలేదు. లెక్క చెప్పినట్టు చెప్పాను. చంద్రకళ కోసం నాకు గుండె పిండేస్తోంది, అది అబద్ధం కాదు. దాంతోపాటు ఇదీ ఉంది. అమ్మ ఇంటి వైపే నడిచింది.

పరీక్షకి వారం ఉందనగా ఆయనే లాకు దగ్గరికి వచ్చారు. గడ్డం మాసిపోయి ఉంది. నాన్నా రత్నం అప్పుడు అవతలి గట్టున ఉన్నారు. అమ్మ నులకమంచం వాలిస్తే మా వసారాలో కూర్చున్నారు. ఆయన కులంవాళ్ళు అంతకుముందు ఎవరూ అక్కడ కూర్చోలేదు.

"హాలు టిక్కెట్లు వచ్చాయమ్మా. రెండూ ఒకే కవర్లో వచ్చాయి" అని నాది తీసి ఇచ్చారు. తరవాత సంచిలోంచి మూడు నోటు పుస్తకాలు తీశారు. "పాఠాలన్నీ తను ఎత్తి రాసుకుంది. ఇవి మా తమ్ముడింట్లో ఉండిపోయాయి కాబట్టి కాల్చలేదు, భయం లేదు. అచ్చు పుస్తకం పోయింది కదా, యేసమ్మకి పనికొస్తాయి."

అమ్మ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ "పంతులుగారూ, ఆ పుస్తకం మా ఇంట్లో ఉండగా..." అని మొదలుపెట్టింది.

"పరీక్ష ఎన్ని గంటలకండీ మొదలయ్యేది?" అన్నాను నేను.

ఆయన నావైపు తిరిగారు. పదిగంటలకి అని, అరగంట ముందే వెళ్ళి కూర్చోమని, రెండు కలాలు పట్టుకెళ్ళమని నిదానంగా చెప్పారు. కూతురికి చెప్పాలనుకున్నవన్నీ నాకు చెప్పారు. అన్నీ విని తలూపాను. ఆయన గట్టు దిగి వెళ్ళేదాకా అమ్మ మళ్ళీ నోరెత్తలేదు. ఆ రోజు నుంచి నాకు పాఠం చెప్పడం మానేసింది. అన్నం పెట్టేది, జడ వేసేది, పుస్తకం మాత్రం ముట్టుకోలేదు.

పరీక్ష శుక్రవారం మొదలైంది. నాన్న నన్ను పడవలో ఏలూరు తీసుకెళ్ళి మా మేనత్త దానమ్మ ఇంట్లో ఉంచాడు. శుక్ర, శనివారాలు తెలుగు, లెక్కలు, సాంఘికం రాసి శనివారం సాయంత్రానికి ఇంటికి వచ్చాం. సామాన్యశాస్త్రం సోమవారం. అమ్మ వసారాలో మంచం మీద కూర్చుని ఉంది.

"పొద్దున్న వెళ్ళి చెప్పేశాను" అంది.

నాన్న తెడ్డు కింద పెట్టాడు. "ఏవన్నారు?" అని నేనే అడిగాను.

"అంతా విన్నారు. తరవాత ఒక్కటే అడిగారు. ఆ రోజు నువ్వు పరీక్ష ఎన్నింటికని అడిగినప్పుడు, ఈ సంగతి నీకు తెలుసా అని."

"నువ్వేం చెప్పావు?"

"తెలుసునండీ అన్నాను. మరో అబద్ధం నావల్ల కాలేదు." అమ్మ గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "నోటు పుస్తకాలు తిరిగి ఇచ్చెయ్యమన్నారు. రేపు పొద్దున్న. నీ చేత్తోనే తెచ్చి ఇవ్వమన్నారు."

నోటు పుస్తకాలు నా చంకలోనే ఉన్నాయి. వాటిని ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాను.

"సోమవారం ఇస్తాను. పరీక్ష అయ్యాక."

"రేపు అన్నారు యేసూ."

అమ్మ లేచి వచ్చి వాటి మీద చెయ్యి వేసింది. నేను వదల్లేదు. ఇద్దరం అలా ఒకరి మొహం ఒకరం చూడకుండా కాసేపు గుంజుకున్నాం. రత్నం గుమ్మంలో నిలబడి చూస్తోంది. చివరికి అమ్మే వదిలేసింది.

ఆదివారం పొద్దున్న అమ్మ తలకి నూనె రాసుకుని, ఉతికిన చీర కట్టుకుని, వట్టి చేతులతో గట్టు మీద బయలుదేరింది. ఆయనకి ఏం చెప్పిందో నాకు ఎప్పుడూ చెప్పలేదు. నేను వసారాలో కూర్చుని చంద్రకళ గుండ్రటి అక్షరాల్లో రాసుకున్న అంటువ్యాధుల పాఠం మధ్యాహ్నం దాకా చదివాను. సోమవారం పరీక్ష బాగా రాశాను.