మూడో ఏటి గజ్జెలు

కార్నివాల్ పండుగ శనివారం మా గనుల ఊరు ఒరూరోలో బాకాల మోతకు ఆస్పత్రి కిటికీలు అదురుతాయి. ఆ మోతలోనే మా తమ్ముడు ఫ్రొయిలాన్‌ను గజ్జెల బూట్లతో సహా మోసుకొచ్చారు. ఊరేగింపు మధ్యలో ఆడుతూ ఆడుతూ కుప్పకూలాడట. మూతి వంకరపోయింది, కుడి చెయ్యి పడిపోయింది, మాట లేదు. మెదడుకు పోయే నాళంలో రక్తం గడ్డ కట్టింది. నేను అక్కడే నర్సుని. వాడి బూట్లు నేనే విప్పాను.

గడ్డను లాగే సన్నటి గొట్టాన్ని మణికట్టులోంచి పంపాలా, తొడ మొదట్లోంచి పంపాలా అన్నదే మా మధ్య వచ్చిన పేచీ.

"మణికట్టు నుంచి వెళ్ళండి, డాక్టర్ గారూ," అన్నాను.

డాక్టర్ ఉర్కిడీ స్కాన్ మీద వేలు పెట్టాడు. "గుండె పైన ఈ మలుపు చూశావా? కొక్కెంలా ఉంది. చేతిలోంచి వెళ్తే అక్కడే తచ్చాడుతాం, ఈలోగా మెదడు చచ్చిపోతుంది. తొడలోంచైతే తిన్నగా పోతాం."

"తొడకి కన్నం పెడితే కాలు కదపకూడదు కదా, కదిపితే రక్తం ఆగదు! వీడు పడుకునే రకం కాదు. కొండ మీది గని గుడి మాతకు మూడేళ్ళు ఊరేగింపులో గుడిదాకా ఆడతానని మొక్కాడు. ఇది మూడో ఏడు. మణికట్టైతే లేచినా కట్టు బిగించి కాపాడుకోవచ్చు."

"ముందు లేవనీ, తల్లీ!"

ఆయన మాట తప్పని అనలేను. అందుకే నాకు ఇంకా ఒళ్ళు మండింది.

తొడలోంచే వెళ్ళాడు, మొదటి లాగుకే గడ్డ ఊడొచ్చింది. గది అంతా ఊపిరి పీల్చుకుంది. కాసేపటికి తమ్ముడు నోరు విప్పాడు.

"అక్కా, గుడిదాకా వెళ్ళానా?"

"లేదురా. బతికావు, అది చాలు. రక్తం పలచబడే మందు పడింది నీకు. కాలు కదిపావంటే చంపేస్తా!"

"మాత ఊరుకున్నా గనిలో మామ ఊరుకోడే." గని అడుగున ఉండే దయ్యాన్ని మేం మామ అనే అంటాం. "మొక్కు ఎగ్గొట్టి గనిలోకి దిగిన సెవెరోని ఏం చేశాడు? ఒక్క ఎముకైనా దొరికిందా?"

వాడి కాళ్ళ మీద దుప్పటి బిగించి, "నోర్ముయ్, వెధవా," అన్నాను.

మధ్యాహ్నం వాడి నాట్యబృందం వాళ్ళు వచ్చి బూట్లు తుడిచి మంచం దగ్గర పెట్టారు. "చూసుకుంటే ధైర్యం వస్తుందని, అక్కా," అన్నారు. మీ ధైర్యం మండా అని తిట్టి, వాళ్ళను తరిమి, బూట్లు బీరువా పైకెక్కించాను. అంతలో పక్క గదిలో రోగికి మూర్ఛ వచ్చిందంటే పరుగెత్తాను.

అక్కడుండగానే గజ్జెలు వినిపించాయి. వీధిలోంచి కాదు, మా మెట్ల మీంచి. ఒక కాలి గజ్జెలే మోగుతున్నాయి.

మెట్ల నిండా రక్తం. కుడి బూటు గజ్జెలు తడిసి ముద్దై మూగబోయాయి. వాకిట్లో, కొండ మీది గుడి వైపు మొహం పెట్టి మోకాళ్ళ మీద ఉన్నాడు. వాణ్ణి ఒళ్ళోకి లాక్కుని పిడికిలి తొడలోకి అదిమాను. డాక్టర్ గారూ అని అరిచాను. బాకాల మోతలో నా గొంతు నాకే వినబడలేదు.

"ఇంకెంత దూరం, అక్కా?" మాట స్పష్టంగానే ఉంది.

"వచ్చేశాంరా, నాన్నా. దణ్ణం పెట్టుకో."

చెయ్యెత్తి నుదుటి మీద, గుండె మీద శిలువ గుర్తు వేసుకున్నాడు. పొద్దున పడిపోయిన కుడి చెయ్యే అది.