పేరు రాసిన సీసాలు

నికొలాసా చుమిల్ ఇంట్లో చిప్స్ కవరు చెత్తబుట్ట మొహం చూసి ఆరేళ్లయింది. ప్రతి కవరునూ కడిగి, పొయ్యి పక్కన ఆరబెట్టి, ఖాళీ కోలా సీసాలోకి కర్రతో కూరుతుంది. సీసా రాయిలా గట్టిపడ్డాక మూత బిగించి, పైన చెరగని సిరాతో ఇంటిపేరు రాస్తుంది. పక్కనున్న సరస్సులో ప్లాస్టిక్ పడకూడదని ఊరు పెట్టుకున్న కట్టుబాటు అది. కూరిన సీసాలనే ఇటుకలుగా పేర్చి బడికి గోడ కడతామన్నారు. ఆ బడికి ఒకవైపు ఇప్పటికీ గోడ లేదు, టార్పాలినే. మనవరాలు ఇష్చెల్ దాని పక్కనే కూర్చుని వానజల్లుకి తడుస్తూ చదువుకుంటుంది.

మిగతావాళ్లు ఏడాదికే విసిగి మానేశారు. ఆమె పట్టిన పట్టు విడవలేదు. పన్నెండు వందల సీసాలు పెరట్లో వాగు గట్టున పేర్చింది. ఇంకెక్కడ పెడుతుంది, ఉన్నది ఒక్క గది! మేయరు దగ్గరికి ఎప్పుడు వెళ్లినా ఒకటే పాట.

"సిమెంటు రానీ అత్తా. వచ్చే నెల పక్కా."

"నీ వచ్చే నెల వచ్చేసరికి నా మనవరాలికి పెళ్లయిపోద్ది నాయనా!"

అక్టోబరులో మూడు రోజులు ఆగకుండా వాన కురిసింది. వాగు పొంగి గట్టును కోసేసింది. తెల్లారి చూస్తే పెరట్లో ఒక్క సీసా లేదు. ఏ సరస్సులో ప్లాస్టిక్ పడకూడదని ఆరేళ్లు వేళ్లు అరగదీసుకుందో, అన్నీ ఆ సరస్సులోకే పోయాయి.

నాలుగో రోజు అవతలి ఒడ్డు జాలర్లు ఒక బస్తా తెచ్చి మేయరు ఆఫీసు ముందు గుమ్మరించారు.

"ఎవరయ్యా ఈ చుమిల్ వాళ్లు? మా వలల నిండా వీళ్ల చెత్తే!"

"చెత్త కాదు బాబూ, బడి గోడకి ఇటుకలవి," అంది నికొలాసా.

"ఓహో, బడి సరస్సులో కడతన్నారా?"

జనం గొల్లుమన్నారు. రోజూ అదే వాగులో చెత్త సంచులు విసిరే ఇరుగుపొరుగూ నవ్వారు. వాళ్ల సంచుల మీద పేర్లుండవు మరి.

"వాగు గట్టున పెట్టమని నీకెవరు చెప్పారత్తా?" అన్నాడు మేయరు.

నికొలాసా ఎవరికని చెప్పుకుంటుంది? వంగి సీసాలు ఏరుకుంది. నలభై ఒకటి దొరికాయి.

ఇంటికొచ్చి బూడిదతో పేరు రుద్దింది, ఇసుకతో రుద్దింది. చెయ్యి మండిందే గానీ సిరా పోలేదు. మిగతావి సరస్సులో ఎక్కడ తేలుతున్నాయో! అన్నిటి మీదా ఆమె పేరే ఉంది.