కాఫీకి వెళ్ళినవాళ్ళు

పంది పేగుల్ని తిరగేసి, లోపలి పొరని వేలితో గీరి, నీళ్ళు మార్చి, మళ్ళీ గీరాలి. వెర్లీన్ మధ్యాహ్నం నుంచి సింకు ముందు నిలబడి అదే పని చేస్తోంది. కిటికీలన్నీ తెరిచినా ఇల్లంతా కంపు. ఆ వైపు నల్లవాళ్ళలో పేగుల కూర ఎవరు పెడితే వాళ్ళ చేతిది తినరు. "ఎవరు కడిగారు?" అని అడిగి మరీ ప్లేటు అందుకుంటారు. వెర్లీన్ కడిగిందంటే మాత్రం శాసనసభలోని నల్లజాతి సభ్యుల కూటమి మొత్తం లొట్టలేసుకుంటూ వస్తుంది. ఏటా సమావేశాలప్పుడు కూటమి ఒక విందు చేస్తుంది. ఆ విందుకి పేగులు కడిగే ఈ వెర్లీన్, మూడుసార్లు గెలిచి సభలో కూర్చున్న గౌరవ సభ్యురాలు. కూటమి అధ్యక్షుడు ఓడెల్ బ్రాడ్‌నాక్స్ అంతకంటే ఎక్కువసార్లే గెలిచాడు గానీ, ఆయన చేత ఇంతవరకు ఎవరూ ఒక ఉల్లిపాయ కూడా తరిగించలేదు.

"సిస్టర్ వెర్లీన్ చేతిలో ఏదో మహిమ ఉంది" అంటాడాయన ప్రతి ఏడూ. చేతిలో ఉన్నది కంపు. నిమ్మచెక్క పెట్టి రుద్దినా గోళ్ళ సందుల్లోంచి పోదు.

మొగుడు అల్ఫాన్సో ముక్కు మూసుకుని వంటింట్లో ఒకసారి అటూ ఇటూ తిరిగి వెళ్ళాడు. అతనిది తాతలనాటి ఫ్యూనరల్ హోమ్. ఆ ఊళ్ళో నల్లవాళ్ళెవరు పోయినా ముస్తాబుకీ ఖననానికీ అక్కడికే తెస్తారు. శవాల మధ్య పుట్టి పెరిగినవాడికి కూడా ఈ కంపు పడదు. పోయినేడు ఆమె, సభలో తన బిల్లు మీద మాట్లాడాల్సింది రాసుకోవాలి, ఈసారి పేగులు ఇంకెవరైనా కడగకూడదా అని అడిగితే నవ్వాడు. "రాజధానిలో నీకు మైకు ఇస్తున్నారు కదా, ఇంట్లో కూడా కావాలంటే ఎలా?" అన్నాడు. పక్కనున్న అతని తమ్ముడు కూడా నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. ఎందుకు నవ్విందో తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకి తన మీద తనకే అసహ్యం వేస్తుంది.

పెళ్ళయిన కొత్తలో అత్తగారు ఆమెకి అప్పజెప్పిన పని ఇంకొకటుంది. చనిపోయిన ఆడవాళ్ళకి తల దువ్వి జడలల్లడం. "బయటనుంచి మనిషిని పెట్టుకుంటే డబ్బు దండగ. నీకు చెయ్యి తిరిగింది కదా" అందావిడ. అలా ఎన్ని తలలు దువ్విందో. చాలామటుకు ముసలివాళ్ళు, తృప్తిగా పోయినవాళ్ళు. ఈమధ్య పోయిన లాట్రీస్ అలా కాదు. ఆదివారం బడిలో వెర్లీన్ దగ్గర వాక్యాలు వల్లెవేసిన పిల్ల. కాన్పయిన రెండు నెలలకి, చట్టం ప్రకారం, ప్రభుత్వం ఇచ్చే వైద్య బీమా ఆగిపోయింది. తలనొప్పి అంటూ, డాక్టరు దగ్గరికి వెళితే బిల్లు ఎంతవుతుందోనని ఓర్చుకుంటూ, ఒకరోజు వంటింట్లో పడిపోయింది. రక్తపోటు అన్నారు. వెర్లీన్ ఆ పిల్ల తల ఒళ్ళో పెట్టుకుని జడలల్లుతుంటే, పక్కగదిలో లాట్రీస్ తల్లి డోరెథా చేతుల్లో పసిగుడ్డు పాలకోసం గుక్కపెట్టింది. జాకెట్టు తొడిగేటప్పుడు చూస్తే ఆ పిల్ల రొమ్ముల్లో పాలింకా ఉన్నాయి.

ఆ బీమాని ఏడాదిదాకా పొడిగించాలన్నదే వెర్లీన్ బిల్లు. పెట్టినప్పుడల్లా ఎవరో ఒకరు తొక్కిపెట్టారు. ఈసారి పొలాల వైపునుంచి వచ్చిన తెల్ల సభ్యులు కొందరు, తమ ఊళ్ళలోనూ కాన్పుల వార్డులు మూతపడటంతో, సరేనన్నారు. కూటమి మొత్తం కలిస్తే గట్టెక్కుతుంది. విందు మర్నాడే ఓటింగు.

రాజధానిలో విందు బాగానే జరిగింది. పేగులు ఖాళీ అయ్యాయి. కోట్లు తగిలించే మూల దగ్గరికి బ్రాడ్‌నాక్స్ ఆమెని పక్కకి పిలిచాడు. పెదాల మీద నూనె మెరుస్తోంది. ఒక చేతిలో ఎంగిలి ప్లేటు. స్పీకరు కొత్తగా నియోజకవర్గాల హద్దులు గీయిస్తున్నాడట. గవర్నరుకి ఈ బిల్లంటే కిట్టదు. అది పోతే మనవాళ్ళ పాత నియోజకవర్గాల జోలికి రాననీ, అందులోనూ బ్రాడ్‌నాక్స్ స్థానంలో ఒక్క గీత కూడా కదపననీ స్పీకరు మాటిచ్చాడట. వ్యతిరేకంగా ఎవరూ ఓటెయ్యక్కర్లేదు, అలా వేస్తే బాగుండదు కూడా. బిల్లు పిలిచేసరికి అందరూ లేచి కాఫీకి వెళితే చాలు. సభలో మొత్తం సభ్యుల్లో సగానికి పైగా అనుకూలంగా ఓటెయ్యాలి గనక, లేనివాళ్ళ లెక్క వద్దన్నవాళ్ళ లెక్కే.

"నువ్వు కూడా రావాలి. బిల్లు పెట్టిన మనిషి కూర్చుంటే మేం కావాలనే లేచిపోయినట్టు కనిపిస్తుంది" అన్నాడు.

"మరి ఆ తల్లులు?" అంది వెర్లీన్.

"వచ్చే ఏడు చూద్దాంలే సిస్టర్. పిల్లల్ని కనడం ఎక్కడికి పోతుంది?" అని, కూటమి ఎప్పుడూ ఒక్క మాట మీద ఉంటుందనీ, మనం చీలితే వాళ్ళు మనల్ని నంజుకు తింటారనీ, ఇంటి గుట్టు ఇంట్లోనే ఉండాలనీ చెప్పి, మాట్లాడుతూ మాట్లాడుతూనే చేతిలో ప్లేటు ఆమెకి అందించి వెళ్ళిపోయాడు. ఆమె వైపు చూడను కూడా చూడలేదు. ఆమె అందుకుంది కూడా. నమిలి ఉమ్మేసిన ముక్కలున్న ఆ ప్లేటుని తనే తీసుకెళ్ళి చెత్తబుట్టలో గీకింది.

ఒక్క మాట మీద ఉండాలన్నది అబద్ధం కాదు, అదే ఆమెని ఎక్కువ బాధపెట్టింది. మొదటిసారి గెలిచిన నల్లవాళ్ళకి శాసనసభ భవనం క్యాంటీనులో భోజనం పెట్టేవాళ్ళు కాదు. ఇంటినుంచి రొట్టె తెచ్చుకుని, మెట్ల కింద కలిసి కూర్చుని తిని, కలిసి లోపలికెళ్ళి కలిసి ఓటేసేవాళ్ళు. ఆ కథ వెర్లీన్ కూడా సభల్లో చెప్పి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నిజమైన మాట కాబట్టే దాన్ని అడ్డం పెట్టుకుని ఏ పనైనా చేయించవచ్చు. వంశం పరువు, కుటుంబం గౌరవం అని ఇంట్లో ఆడవాళ్ళ నోరు నొక్కేది కూడా ఇలాంటి నిజాలతోనే.

హోటలు గదినుంచి మొగుడికి ఫోన్ చేసి జరిగింది చెప్పింది. కటువుగా మాట్లాడితే బాగుండేది, అతను లాలనగా మాట్లాడాడు. దిక్కులేని శవాల ఖననాలు జిల్లా తరఫున తమకే వస్తున్నాయంటే అది బ్రాడ్‌నాక్స్ మాట సాయం వల్లేనని గుర్తుచేశాడు. "పోయినవాళ్ళ కోసం ఉన్నవాళ్ళతో చెడగొట్టుకుంటావా, చెప్పు" అన్నాడు. పోయినవాళ్ళ మీదే బతికే మనిషి అన్న మాట అది. ఆమె ఫోన్ పెట్టేసింది.

మర్నాడు పొద్దున గ్యాలరీలో చర్చి ఆడవాళ్ళు తెల్లబట్టల్లో వరసగా కూర్చున్నారు. వాళ్ళని రమ్మన్నది వెర్లీనే. ముందు వరసలో డోరెథా, ఆమె ఒళ్ళో లాట్రీస్ కూతురు. క్లర్కు బిల్లు పేరు చదివాడో లేదో, కూటమి సభ్యులు ఒక్కొక్కళ్ళే లేచారు. ఒకాయన వాచీ చూసుకున్నాడు, ఇంకొకాయన ఫోన్ వచ్చినట్టు చెవికి ఆనించుకున్నాడు. ఇంత సిగ్గుమాలిన పని ఇంత పెద్దమనిషి తరహాలో చేయవచ్చని వెర్లీన్ ఎప్పుడూ అనుకోలేదు. కొత్తగా గెలిచిన కెజియా అనే పిల్ల సగం లేచి, వెర్లీన్ వైపు చూసి ఆగింది. బ్రాడ్‌నాక్స్ తలుపు తెరిచి పట్టుకుని, ఆడవాళ్ళకి దారిచ్చే మర్యాదస్తుడిలా నిలబడ్డాడు.

"రా సిస్టర్" అన్నాడు మెల్లిగా.

వెర్లీన్ లేచింది. ఆయన నవ్వి ముందుకి నడిచాడు. తలుపు ఆయన వెనక మూసుకుంది. ఆమె అటు వెళ్ళలేదు, మైకు అందుకుంది. సభ్యులందరినీ సభకి రప్పించాలని కోరింది. అలాంటి నియమం ఒకటుంది, వాడినవాళ్ళు అరుదు. కొద్దిమంది లేచి బలపరిస్తే స్పీకరుకి ఇష్టమున్నా లేకపోయినా తలుపులు మూయించాలి, మార్షల్స్ వెళ్ళి ఎక్కడున్నవాళ్ళని అక్కడనుంచి తీసుకురావాలి, అందాకా ఏ పనీ సాగదు. అందరికంటే ముందు కెజియా లేచింది. పొలాల వైపు సభ్యులు లేచారు. స్పీకరు మొహం మాడ్చుకుని సుత్తి కొట్టాడు.

వాళ్ళు వచ్చారు. కాగితం కప్పులు చేతిలో పట్టుకుని కొందరు, తడి చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ ఒకాయన, వెనక మార్షల్స్ తొందరపెడుతుంటే దాదాపు పరుగు లాంటి నడకతో బ్రాడ్‌నాక్స్. ఇక బయటికి దారి లేదు. తలెత్తితే గ్యాలరీలో తమ అమ్మల్లాంటి ఆడవాళ్ళు. వాళ్ళ కళ్ళముందు ఎర్ర బటన్ నొక్కే ధైర్యం ఒక్కడికీ లేకపోయింది. బోర్డు మీద పేర్ల పక్కన ఆకుపచ్చ దీపాలు వెలిగాయి. బిల్లు అంచుమీద గట్టెక్కింది.

చప్పట్లు ఆగకముందే బ్రాడ్‌నాక్స్ మైకు లాక్కున్నాడు. మన తల్లుల కోసం కూటమి ఏళ్ళ తరబడి చేసిన పోరాటం అన్నాడు. లాట్రీస్ పేరు కూడా పలికాడు, అదీ తప్పుగా. గొంతు వణికించాడు. గ్యాలరీలో ఆడవాళ్ళు ఆమెన్ అన్నారు. వెర్లీన్ తన కాగితాలు సర్దుకుంది.

బయట మెట్ల మీద డోరెథా ఏడుస్తూ వచ్చి వాటేసుకుంది. అప్పటికే బ్రాడ్‌నాక్స్ అక్కడున్నాడు, పసిపిల్ల తల మీద చెయ్యి వేసి ఫోటోవాడి వైపు తిరిగి నిలబడ్డాడు.

"చూశావా అక్కా, మన కోసం మనవాళ్ళు ఎలా పరిగెత్తుకొచ్చారో" అంది డోరెథా. "ఆయన రుణం ఏమిచ్చి తీర్చుకోను?"

బ్రాడ్‌నాక్స్ వెర్లీన్‌ని చూసి నవ్వాడు. ఆ నవ్వు ఆమెకి కొత్తది కాదు. చుట్టాల ముందు మొగుడు నవ్వే నవ్వు అది, ఈవిడ ఏమీ అనదులే అన్న భరోసాతో. ఆ భరోసా ఇచ్చింది తనే. అల్ఫాన్సోకిచ్చింది, అత్తగారికిచ్చింది, ఈ పెద్దమనుషులందరికీ ఇచ్చింది.

ఆమె పసిపిల్లని ఆయన చేతికిందనుంచి తీసి చంకనేసుకుంది.

"పరిగెత్తుకు రాలేదు డోరెథా" అంది. "బిల్లు చావాలని బయటికి పోయారు. నేను పట్టి తెప్పించాను."