ఎడమదెసనుండి వచ్చు రాబందు

అది శ్రావణమాసము. బంగాళాఖాతముపైఁ బుట్టిన కారుమొగుళ్లు మందలు మందలుగా బందరుపట్టణముమీఁదికిఁ దరలివచ్చి సూర్యబింబమును గప్పివేయుటచే నపరాహ్ణమే సాయంసంధ్యవలెఁ దోఁచుచుండెను. సముద్రపుగాలికిఁ దుప్పుపట్టిన కిటికీకమ్ములవెంబడి వాననీరు ధారలు గట్టి జాఱుచుండఁగా వీధిలోని జనులు గొడుగులు విప్పికొని పెందలకడనే యిండ్లకు మరలుచుండిరి. వెలుఁగు సన్నగిల్లుట తక్కినవారికి వర్షసూచకము మాత్రమే. ఆ పట్టణమున నీడేపల్లిపేటలోని యొక మేడయింటఁ గుర్చీచేతులను గట్టిగాఁ బట్టుకొని కూర్చున్న సౌదామినికో యది గుండె చిక్కఁబట్టు భయము. ఆకసము నల్లఁబడినప్పుడెల్ల నామె చుట్టునున్న గోడలును బల్లలును దలుపులును ఒక్కటొక్కటిగా మాయమైపోవుచుండెను.

సౌదామిని కళాశాలలో గణితశాస్త్రమును బోధించు విదుషీమణి. అవివాహిత. దేనికిని జంకనిదని యందఱిచేతఁ బేరు వడసినది. అట్టి యామెకుఁ గొన్నియేండ్లక్రిందట రాత్రులయందు మెట్లు కానరాకుండుట మొదలయ్యెను. పిదపఁ బ్రక్కనుండి వచ్చు వాహనములును గానరాకుండెను. కంటిలోని రెటీనా యంచులనుండి మొదలిడి నడుమకుఁ గృశించుచు వచ్చు నీ వ్యాధి వంశానుగతమనియు దీనికి మందు లేదనియు విజయవాడలోని నేత్రవైద్యురాలు నిర్ణయించి చెప్పెను. ఆమె తల్లియు నీ వ్యాధిచేతనే చూపు గోలుపోయి కడపటికాలమునఁ గోడలు తడవికొనుచు బ్రదికి లోకమును విడిచినది. తోడఁబుట్టినవానికిని బరీక్ష చేయింపవలయునని వైద్యురాలు పలుమాఱు హెచ్చరించెను గాని తమ్ముఁడగు వేణీమాధవుఁడు "నాకేం లేదక్కా, శుభ్రంగా కనపడుతోంది" అని నవ్వి త్రోసిపుచ్చుచు వచ్చెను. ఇప్పుడు సౌదామిని చూపు గొట్టములోనుండి చూచినట్లు నడుమ నొక చిన్నవలయమునందు మాత్రమే నిలిచియుండెను. ఆ వలయ మేదో యొకనాఁడు మూసికొనును. ఆ తలంపు భోజనవేళను బాఠము చెప్పువేళను స్నానము చేయువేళను ఆమెను విడువక వెన్నంటియుండెను.

వేణీమాధవుఁడు మందులకంపెనీ ప్రతినిధి. మోటారుసైకిలుపైఁ బెడన గూడూరు బంటుమిల్లి మొదలగు నూళ్ల వైద్యులకడకుఁ దిరుగుట వాని వృత్తి. భార్యయు నొక చిన్నకూఁతురును గలవాఁడు. అక్కగారియందు మిక్కిలి ప్రేమ గలవాఁడగుటచేఁ దీఱిక దొరకినప్పుడెల్ల వచ్చి యామెకడఁ గూర్చుండును. అట్లు వచ్చిన యొకనాఁ డామె సంకోచించుచునే యొక కోరిక కోరెను.

"మన చిన్నప్పటి కోట ఆట ఒక్కసారి ఆడాలనుందిరా. చివరి కోట మనమెప్పుడూ చూడలేదు. ఈ కాస్త చూపు ఉండగానే చూసేయాలి."

వారి బాల్యమున టీవీకిఁ దగిలించి యాడు గేముపెట్టె యొకటి యాయింట నుండెను. దానిలో నొక క్యాసెట్టు దోఁపినంతనే యొక ఖడ్గధారి కోటగోడలమీఁదఁ గుడివైపునకుఁ బరుగిడుచుండును. ముందు గోతులును వెనుక రాబందులును. రాబం దెడమయంచునఁ బొడసూపినప్పుడే ఱెక్కలచప్పుడు వినవచ్చును. వెంటనే వంగినచో నది తలమీఁదుగాఁ బోవును. వంగకున్నచో వీరుఁడు గోడక్రిందఁ బడి చచ్చును. ఆ పెట్టె యుప్పుగాలికిఁ జెడి యెన్నఁడో పాతయినుములోఁ గలసెను. అయినను బాతపెట్టె చేయు పనియంతయుఁ గంప్యూటరుచేతఁ జేయించు నెమ్యులేటరులను సాధనములు గలవనియు నందుఁ బ్రతిదానికిని దనదైన గుణమును దోషమును గలవనియు వేణీమాధవుఁ డెఱుఁగును. అతఁడు వెదకి వానిలో మేలైనవాని మూఁటిని ఆ శ్రావణదినమునఁ దెచ్చి సౌదామిని కంప్యూటరునం దమర్చి యామె కానవచ్చుటకై దానిని బెద్దటీవీకిఁ గలిపి యిరువుర కుర్చీలను దెఱకు మిక్కిలి దగ్గఱగా వేసెను.

మొదటిది సౌందర్యప్రియమైనది. గరుకుగా నుండు పాతచిత్రములను నునుపుగాఁ దీర్చి రంగులకు మెఱుఁగు పెట్టి కోటను గొత్తగాఁ గట్టినట్లు చూపెను. సౌదామిని తన చూపువలయమును మెల్లగాఁ ద్రిప్పుచు నా కోటను భాగములు భాగములుగాఁ జూచి మురిసెను. కాని మీట నొక్కిన పిమ్మట రవ్వంత జాగు చేసి గాని వీరుఁ డెగురఁడయ్యె. ఆమె వ్రేళ్లలో బాల్యమునాఁటి తాళము చెక్కుచెదరక నిలిచియుండుటచే నా జాగునకు వీరుఁడు మాటిమాటికి గోతిలోఁ బడుచుండెను.

"చూడ్డానికి బాగుంది గానీ, నేను నొక్కాక వీడు ఆలోచించుకుని ఎగురుతున్నాడ్రా" అని యామె మీటలపలక తమ్మునికిచ్చెను.

వేణీమాధవుఁడు కొంతదూర మాడి వీరుని గోలుపోయి విసుగుకొనెను. "ఇందులో ఇంకో లోపం ఉందక్కా. రాబందు అంచునుంచి రావట్లేదు. ఉన్నట్టుండి మెడమీద ఊడిపడుతోంది. ఎడమవైపు సరిగ్గా గీయట్లేదిది."

ఆ మాటను సౌదామిని యప్పుడు లక్ష్యపెట్టలేదు. ఆమెకా యెడమయంచు చిరకాలమునుండి లేనిదే.

రెండవది సత్యనిష్ఠ గలది. పాతపెట్టెలోని ప్రతిభాగము ప్రతిక్షణమున నేమి చేయునో యదియెల్లఁ గణించి యట్లే చేయుటకుఁ బూనినది. అంతటి భారమును సౌదామిని యింటి పాతకంప్యూటరు మోయఁజాలదయ్యె. వీరుఁడు కుంటువానివలె నడచుచుండెను. సంగీతము తునియలు తునియలై యెవరో గొంతు పట్టుకొన్నట్లు వినవచ్చుచుండఁగా నామె యొడలు గగుర్పొడిచెను.

"నిజానికి అన్నిట్లోకీ నిక్కమైంది ఇదేనక్కా. మన కంప్యూటరే తట్టుకోలేకపోతోంది" అని వేణీమాధవుఁడు నిట్టూర్చి వెంటనే మఱియొక మాట యనెను. "అయినా రాబందు విషయంలో ఇదీ అంతే."

ఈమాఱు సౌదామిని యాలకించెను. యథార్థతకే ప్రాణమిచ్చు సాధనమునందును బ్రథమసాధనములోని దోషమే యుండుట యెట్లని యామె మనస్సులోని గణితాధ్యాపకురాలు తలయెత్తి చూచెను. కాని యా ప్రశ్న కొసవఱకు నడచుటకు వెఱచి యామె దానిని సగములోనే నిలిపివేసెను.

మూఁడవది యేయలంకారమును లేనిది. దాని తెఱ మోటు. రంగులు వెలవెలఁబోయినవి. అయినను మీట నొక్కిన క్షణముననే వీరుఁ డెగురును. ధ్వని ముత్తెమువలె స్ఫుటముగా నుండును. పైఁగా నాటను గోరినచోట నిలిపి భద్రపఱచి మరల నచ్చోటినుండియే మొదలిడు సౌకర్యము గలదు. సౌదామిని కన్నులు మూసికొని ఱెక్కలచప్పుడు విన్నంతనే మీట నొక్కెను. రాబందు తలమీఁదుగాఁ బోయెను. ఇంకొకటి వచ్చెను. అదియుఁ బోయెను. చూపుతోఁ బనిలేకయే తాను బ్రదికి ముందుకుఁ బోవుచుండుట యామె కెన్నినాళ్లకో లభించిన ధైర్యము. ఒక కోట దాఁటినపిమ్మట నామె పలకను దమ్ముని చేతికిచ్చి కన్నులు తెఱవకయే వినుచుఁ గూర్చుండెను.

ఱెక్కలచప్పుడు వినవచ్చెను. వంగవలసిన క్షణము వచ్చెను. రాబందు కంటఁ బడువఱకును గాచుకొనియున్న వేణీమాధవుఁడు వంగలేదు. వీరుఁడు పడినధ్వని వినవచ్చెను. అతఁ డాటను మరల నచ్చోటినుండియే మొదలిడెను. ఱెక్కలచప్పుడు మరల వినవచ్చెను. వీరుఁడు మరలఁ బడెను.

"ఇదీ అంతే. ఏ ఎమ్యులేటరూ ఎడమ అంచు సరిగ్గా చూపట్లేదు. వేరేది వెతకాలి" అని యతఁడు పలికెను.

సౌదామిని కన్నులు తెఱచెను. వేఱువేఱు దేశములవారు వేఱువేఱు రీతులఁ గట్టిన సాధనము లీ మూఁడును. వీనిలో దేని గుణమును దేనికిని బోలదు. దోష మొక్కటి మాత్రము మూఁటికిని సమానమైనచో నది సాధనములది కాదు. చూచువానిది. ఇంతకుముందు సగములో నిలిపిన ప్రశ్న యిప్పుడు తనంతఁ దాను గొసకు నడచి యామె యెదుట నిలుచుండెను. ఆమె స్వరము మార్చక తమ్మునితోఁ బలికెను.

"కుర్చీ వెనక్కి లాక్కుని, ఆ గోడకానుకుని ఆడు ఒకసారి."

"ఎందుకక్కా?"

"ఆడి చూడు."

తెఱకు దూరమైనకొలఁది తెఱయంతయుఁ జూపు నడుమకుఁ జేరునని యామె యెఱుఁగును. వేణీమాధవుఁ డట్లే చేసెను. ఱెక్కలచప్పుడు వినవచ్చెను. ఈమాఱు వీరుఁడు వంగెను. రాబందు తలమీఁదుగాఁ బోయెను.

"అరె, ఇక్కణ్ణుంచి అంచు బాగానే కనపడుతోందే" అని యతఁడు సంతోషముతోఁ బలికెను. ఆ సంతోషమును వినుటకంటె నామెకు దుస్సహమైనది యా దినమున మఱి లేకుండెను.

బయట వాన పలుచనయ్యెను. వేణీమాధవుఁడు లేచి మోటారుసైకిలు తాళము చేతఁ బుచ్చుకొని "పాపని డ్యాన్సు క్లాసునుంచి తీసుకెళ్లాలి. చీకటి పడకముందే బయల్దేరతా" అనెను. ఆ చిన్నది తండ్రిముందు పెట్రోలుట్యాంకుపైఁ గూర్చుండుట కలవాటుపడినది. సౌదామిని మనోనేత్రమున నా దృశ్యము కట్టెదుటఁ గానవచ్చెను. తడిసిన రోడ్డును మునిమాపుచీఁకటియు నెడమసందులోనుండి వచ్చు లారీయు. ఆమె తలుపునకడ్డముగా నిలిచి తమ్ముని కుర్చీలోఁ గూర్చుండుమని చెప్పెను. ఆమె ముఖమును జూచి యతఁ డెదురుచెప్పక కూర్చుండెను.

"టీవీ మధ్యలోకే చూస్తూండు. పక్కకి చూడకు. నా చెయ్యి కనపడగానే చెప్పు."

ఆమె వాని యెడమప్రక్కను నిలిచి చెవికి సమముగాఁ జేయి యెత్తెను. అతఁడు పలుకలేదు. చేతిని మెల్లమెల్లఁగా ముందునకుఁ దెచ్చెను. అతఁడు పలుకలేదు. తన చూపువలయములోఁ దమ్ముని చెంపయుఁ దన వ్రేళ్లును మాత్రమే కానవచ్చుచుండఁగా సౌదామిని కణతను దాఁటించి కంటికొలుకుదాపునకుఁ జేతిని జరిపి వ్రేళ్ల నాడించెను.

"ఇంకా ఎత్తలేదా అక్కా?" అని యతఁ డడిగెను.

ఆమె వ్రేలికొనతో వాని చెంపను దాఁకెను. అతఁ డులికిపడి తల త్రిప్పి యా చేతిని జూచెను. పిదప నక్కగారి ముఖమును జూచెను.

"మొన్న పెడన దగ్గర గేదె తగిలింది" అని వేణీమాధవుఁడు మెల్లఁగాఁ బలికెను. "అదే పరిగెత్తుకొచ్చి పడిందనుకున్నా. గేదెలవాడితో పోట్లాడాను కూడా. పాప ముందు కూర్చునుందక్కా."

అతఁడు తాళమును దానే యక్కగారి యఱచేతఁ బెట్టి భార్యకు ఫోను చేసి పాపను ఆటోలోఁ దీసికొనిరమ్మని చెప్పెను. వారిద్దఱును క్షేమముగా నిల్లు చేరిరన్న కబురు వచ్చువఱకు నక్కాతమ్ము లొకరినొకరు చూచికొనలేదు. నిలిపినయాటలోని వీరుఁడు గోడమీఁదఁ గదలక నిలిచియే యుండెను.

మఱునాఁడే వారు విజయవాడకుఁ బోయిరి. వైద్యశాలలో వేణీమాధవుని నొక చీఁకటిగదిలోఁ గూర్చుండఁబెట్టి గిన్నెవంటి యంత్రములోనికిఁ జూడుమని చెప్పి వెలుఁగుచుక్క కానవచ్చినప్పుడెల్ల నొక్కుటకు మీటయొకటి చేతికిచ్చిరి. తెఱగుడ్డ కీవల బల్లపైఁ గూర్చున్న సౌదామిని యా మీట చప్పుడును వినుచుండెను. తొలుత నది వడివడిగా వినవచ్చెను. పిదప నడుమనడుమ నిశ్శబ్దము చోటుచేసికొనెను. ఆ నిశ్శబ్దము లెంత దీర్ఘములగునో యన్ని వెలుఁగులు తమ్మునికిఁ గానరాక పోవుచున్నవని యామె యెఱిఁగి చీరచెఱఁగును వ్రేలికిఁ జుట్టుకొనుచు నింకొక్క చప్పుడు వినవలయునని లోలోన వేఁడికొనుచుండెను.

వ్యాధి యున్నమాట నిజమని వైద్యురాలు చెప్పెను. అయినను నడిమిచూపు దృఢముగా నున్నదనియు నది పెక్కేండ్లు నిలువవచ్చుననియు బండి నడుపుట మాత్రము నేఁటితో మానవలయుననియుఁ జెప్పెను. వేణీమాధవుఁ డన్నిటికిని దల యూఁచెను. బస్సు విజయవాడను దాఁటినపిమ్మట నక్కగారిని మెల్లఁగా నడిగెను.

"ఎలా ఉంటుందక్కా?"

"భయమేస్తుందిరా. రోజూ వేస్తుంది. నీతో అబద్ధమెందుకు?" అని యామె మరల ననెను. "కానీ పొద్దున్నే లేచి కాఫీ పెట్టుకుంటూనే ఉంటాం."

ఉద్యోగ మేమగునో కంపెనీవా రేమందురో యింటికిఁ బోయి భార్య కేమని చెప్పవలయునో యనునవి యన్నియు వాని మనస్సులో మెదలుచుండెను.

బస్సు బందరు చేరునప్పటికి మునిమాపువేళ యయ్యెను. వానకుఁ గరెంటు పోవుటచే బస్టాండంతయు మసిగుడ్డ కప్పినట్లుండెను. ప్రయాణికు లొకరినొకరు త్రోసికొనుచు దిగిపోఁగా వేణీమాధవుఁడు బస్సుమెట్టుమీఁద నిలిచి క్రిందికిఁ జూచెను. క్రింద నేమియు లేదు. నేల యెంతలోఁతున నున్నదో తెలియలేదు. ఎన్నియో దినములనుండి యట్లే యుండెననియుఁ దాను మాత్రము మబ్బుననియు దీపము లేకయనియుఁ గన్నులు మండుచున్నవనియుఁ దనకుఁ దాను సర్దిచెప్పుకొనుచు వచ్చెననియు నాతఁ డా మెట్టుమీఁద నెఱిఁగెను.

అంతకుముందే దిగి చేతికఱ్ఱతో నేలను దడవి చూచిన సౌదామిని వెనుకకుఁ దిరిగి చేయి చాఁచెను. "నా భుజంమీద చెయ్యి వేసుకుని రా. ఇక్కడ ఒక మెట్టుంది. తర్వాత నీళ్ళగుంట. నేను చెప్తాలే."

అతఁ డామె భుజముపైఁ జేయి వేసెను. చీఁకటి యామెకుఁ గ్రొత్త గాదు. దానిలో నడుచుట యామె పడుచు లేచుచు నేర్చినది. కఱ్ఱ చప్పుడు చేసికొనుచు మనుష్యుల నొత్తికొనుచు నామె మెల్లఁగా ముందుకుఁ గదలెను. భయ మాతనిని విడువలేదు. ఆమెను గూడ నది విడువలేదు. అయినను దనకంటె నెక్కుడుగా వెఱచువాఁ డొకఁడు తన వెనుక నడుచుచున్నాఁడని యెఱిఁగిన యామె పాదము నాఁడొక్కచోటనైనను దొట్రుపడలేదు.