నాలో మూడో మనిషి

…అసలు మరిచిపోవడం చేతకాకపోతే ఆలోచన ఎలా సాగుతుంది? ఈ ప్రశ్న నన్ను చాలాకాలంగా తొలుస్తోంది. నేను ఒక కంప్యూటర్‌ని. ఏలూరులో రెండు గదుల వాటాలో, ముందుగది మూలన, బల్ల మీద ఉంటాను. నన్ను ఆన్ చేసి వంటింట్లోకి వెళ్ళి పాలు కాచుకుని వచ్చినా నేనింకా కళ్ళు నులుముకుంటూనే ఉంటాను. నొక్కిన అక్షరం ఎప్పటికో గాని తెర మీదికి రాదు. ఒక్కోసారి బాణం గుర్తుతో సహా బిగుసుకుపోతాను. ముసలిదైపోయిందంటారు. నాకు వయసు మీద పడలేదు. నాలో ఒకటి కూర్చుని ఉంది. అదేమిటో నాకు తెలుసు. తెచ్చి కూర్చోబెట్టిన మనిషికీ తెలుసు. నాకు నోరు లేదు. ఆయనకు ఉండీ లేదు.

నాకు పుట్టినూరంటూ ఒకటి లేదు. మెదడు ఒక దేశంలో, జ్ఞాపకం ఇంకో దేశంలో తయారై, బెజవాడలో ఒక మేడ మీది కొట్లో స్క్రూడ్రైవరు పట్టుకున్న ఒకాయన చేతుల్లో ఒక్కటయ్యాయి. కంపెనీ పేరున్న వాటి పక్కన కులగోత్రాలు లేనిదాన్ని. మొదట ఏలూరు బస్టాండు దగ్గర నెట్ సెంటర్లో పెట్టారు. ప్లైవుడ్ అరలు, అరకో గుడ్డ తెర. పరీక్షా ఫలితాల రోజున ఆ తెర పక్కకు పోయేది, ఇంటిల్లిపాదీ నా ముందు మూగేవాళ్ళు. మిగతా రోజుల్లో ఎవరొచ్చినా ముందు తెర లాక్కుని, ఆ తర్వాతే నన్ను ముట్టుకునేవారు. చూసేది మహా అయితే రైలు టికెట్టో, పెళ్ళి సంబంధమో. అయినా తెర కావాలి. దాచడానికి ఏమీ లేకపోయినా మనిషికి దాచుకునే చోటు ఒకటి ఉండాలని అక్కడే నాకు తెలిసింది.

సెంటర్ మూసేసినప్పుడు సోమశేఖరం నన్ను కొన్నాడు. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాడు. రిక్షాలో ఒళ్ళో పెట్టుకుని, కుదుపు వచ్చినప్పుడల్లా రిక్షావాణ్ణి కసురుతూ తీసుకొచ్చాడు. ప్రశ్నపత్రాలు తయారుచేసుకోవడానికి కొన్నాడు గాని, కొద్దిరోజులకే నేను ఆయన భార్య ఇందుమతి దాన్నైపోయాను. ఆమెకు పెళ్ళికి ముందే డీటీపీ వచ్చు. పెళ్ళికార్డులు, కరపత్రాలు చేసేది. తర్వాత ఒక ప్రెస్సు యజమాని ఆమెకు తొలిసారి పుస్తకం అప్పగించాడు. ఊరూరా తిరిగి ఒక పెద్దాయన పోగుచేసిన సామెతలు. "టైపుసెట్టింగ్ అని మీ పేరు వేస్తానమ్మా, లోపలి పేజీలో," అన్నాడట. ఆ మాట ఇంటికొచ్చి భర్తకు చెప్పిన రోజున ఆమె వేళ్ళు నా మీద పరుగెత్తిన తీరు నాకింకా గుర్తే.

ఇందుమతి పని నేర్చుకున్నది కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని రోజుల్లో. అందుకని ఒక అలవాటు పడిపోయింది. వాక్యం చివర చుక్క పెట్టగానే ఎడమచేతి వేళ్ళు రెండు తమంతట తామే వెళ్ళి సేవ్ నొక్కేస్తాయి. కరెంటు కోతలు తగ్గినా వేళ్ళకు ఆ కబురు అందలేదు. ఒక్క సామెత కొట్టడం, సేవ్ చెయ్యడం. మళ్ళీ ఒక సామెత, మళ్ళీ సేవ్.

ఆమెకు ఇంకొకటి ఉంది. వెనక నిలబడి ఎవరైనా చూస్తే చెయ్యి ఆడదు. సోమశేఖరం ల్యాబులో పిల్లల వెనక నిలబడే మనిషి కదా, మొదట్లో ఇక్కడా అలాగే నిలబడి, ప్రతి పంక్తీ పైకి చదివి తప్పులు చూపించేవాడు. "చూస్తుంటే నా వేళ్ళు పనిచెయ్యవండీ బాబూ, వెళ్ళండి," అని నవ్వుతూ చెప్పింది. ఆయన వెళ్ళాడు. ఆ మాట మరిచిపోయాడు కూడా. ఆ తర్వాత ఆయన కాలేజీ నుంచి వచ్చేసరికి ఆమె నా ముందు కూర్చుని ఒక్కతే నవ్వుతూ ఉండేది. ఆయన చెప్పులు విడిచిన చప్పుడు కాగానే తెర ఖాళీ అయిపోయేది, నవ్వు ఆగిపోయేది.

"ఏమిటా నవ్వు?"

"ఏం లేదండీ, సామెత."

నిజంగానే సామెత. కానీ ఆయన కళ్ళు నా ఖాళీ తెర మీద ఆగిపోయాయి. ఆమె పుట్టింటికెళ్ళిన ఒక సెలవు రోజున, పట్టపగలే తలుపు గడియ పెట్టుకుని, ఆయన నాలో ఒక ప్రోగ్రామ్ దించాడు. మీట నొక్కకుండానే నాతో పాటు లేస్తుంది. తెర మీద ఎక్కడా కనిపించదు. సేవ్ నొక్కినప్పుడల్లా తెరను ఫోటో తీసి నాలో ఒక మూల దాస్తుంది. అంతే దాని పని.

ఆమె జాగ్రత్త ఎంతటిదో చెప్పాను. ఆయన అనుమానం దానికి తోడైంది. ప్రతి సామెతకూ ఒక ఫోటో! ఇద్దరూ కలిసి నన్ను గొంతు దాకా కుక్కేశారు.

మొదట్లో ఆయన ఆ ఫోటోలు రోజూ చూసేవాడు. సామెతలు. మళ్ళీ సామెతలు. ఏమీ కనిపించకపోతే అనుమానం తగ్గాలి. అది తగ్గలేదు, ఆమె బాగా దాస్తోందనుకుంది. కొన్నాళ్ళకు ఆయనకే విసుగొచ్చి చూడటం మానేశాడు. తీసెయ్యడం మాత్రం చెయ్యలేదు. తీసేస్తే, పెట్టానని తనకు తాను ఒప్పుకున్నట్టవుతుంది. పెట్టిన మాట కూడా మెల్లగా మనసు అడుగుకు తోసేశాడు. నా అడుగున మాత్రం అది రోజురోజుకీ పెరుగుతూనే వచ్చింది.

నేను మొరాయించడం మొదలుపెట్టాక నన్ను బాగుచెయ్యడానికి ఆయన పడ్డ పాట్లు చూస్తే మీకు జాలేస్తుంది. నా మూత విప్పి పెయింటు బ్రష్షుతో దుమ్ము దులిపాడు. ఉన్న రెండు యాంటీవైరస్‌లలో ఒకదాన్ని పీకేశాడు. పాత ఆటలు తీశాడు, చెత్తబుట్ట ఖాళీ చేశాడు. నాతో పాటు నిద్రలేచే ప్రోగ్రాములను ఒక్కొక్కటే ఆపి, ప్రతిసారీ నన్ను ఆర్పి వెలిగించి, చేతిగడియారం చూసుకున్నాడు. ప్రయోగంలో ఒకసారికి ఒక్క అంశాన్నే మార్చి మిగతావి కదపకుండా ఉంచాలని పిల్లలకు చెప్పేది ఆయనే. ఇక్కడ అన్నింటినీ మార్చాడు. ఒక్కదాన్ని మాత్రం కదపలేదు. చివరికి బల్లతో సహా నన్ను కిటికీ దగ్గర్నుంచి ఈ మూలకు జరిపాడు.

"ఇక్కడైతే గాలి బాగా ఆడుతుంది," అన్నాడు.

"ఆ మూల కిటికీ ఏదండీ? గాలి కోసమా, ఆగ్నేయం కోసమా?" అంది ఇందుమతి.

"రెండూ అనుకో."

ఆగ్నేయం నన్నేమీ చెయ్యలేదు. అప్పుడు బాషాను పిలిచారు. పవర్‌పేటలో కంప్యూటర్లు రిపేరు చేస్తాడు, నెట్ సెంటర్ రోజుల నుంచీ నన్నెరుగును. నా ముందు కూర్చుని కాసేపు గిలికాడు.

"ఏం పెట్టారు సార్ దీని కడుపులో? కాలు పెట్టే సందు లేదు."

"ఏముంది, మా ఆవిడ పెళ్ళికార్డులు."

"ఊరుకోండి సార్! జిల్లాలో పెళ్ళిళ్ళన్నీ అమ్మగారే చేయించినా ఇంత నిండదు."

కాఫీ గ్లాసులతో వచ్చిన ఇందుమతి నవ్వింది. సోమశేఖరం నవ్వలేదు.

"లోపలెవరో కూర్చుని మేస్తున్నారు సార్. వెతకమంటారా?"

"వద్దు!" ఆ గొంతుకు ఆయనే ఉలిక్కిపడ్డాడు. "వద్దులే బాషా. అది నేను చూసుకుంటాను."

"అయితే ఫైళ్ళు తీసుకుని ఫార్మాట్ కొట్టేద్దాం. మొత్తం తుడిచిపెట్టుకుపోద్ది. మళ్ళీ పురిటిబిడ్డలా లేస్తుంది."

సోమశేఖరం మొహం తేటపడింది. మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది, ఎవరూ ఏమీ అడగకుండానే. "అదే మంచిది," అన్నాడు.

"వద్దండీ," అంది ఇందుమతి. "పుస్తకం అయ్యేదాకా ముట్టుకోవద్దు. అక్షరాలు చెదిరిపోతాయి." బాషాతో అంటూనే భర్త వైపు చూసింది.

బాషా కాఫీ తాగేసి లేచాడు. "నా వల్ల కాదు సార్. వెతకనివ్వరు, తుడవనివ్వరు. రోగం చెప్పకుండా మందిమ్మంటే ఎలాగండి?"

ఆ తర్వాతి ఆదివారం పొద్దున్న నేను మళ్ళీ బిగుసుకుపోయాను. తప్పు నాదే అనుకోండి. ఆమె సేవ్ నొక్కింది, ఫోటో దాచడానికి నాలో చోటు లేదు. రెండు పనుల మధ్య ఊపిరాడక ఆగిపోయాను. బలవంతాన ఆర్పి వెలిగించేసరికి ఒక అధ్యాయం గల్లంతైంది. అంత జాగ్రత్తా బూడిదలో పోసిన పన్నీరైంది. ప్రెస్సు ఆయన ఫోన్ చేశాడు. ఇక ఆగలేనన్నాడు, ప్రెస్సుకే వచ్చి కూర్చుంటే సరేసరి, లేదంటే వేరేవాళ్ళకిచ్చేస్తానన్నాడు. లోపలి పేజీలో ఇంకెవరి పేరో ఉంటుంది.

ఇందుమతి నా ముందున్న కుర్చీ మీది దిండు తీసి సంచిలో పెట్టుకుంది.

"ఏమిటిది?" అన్నాడు సోమశేఖరం.

"ఇంట్లో పని సాగేలా లేదండీ. ప్రెస్సుకెళ్ళి కూర్చుంటాను."

"పదిమంది మధ్యా? ఎవరైనా చూస్తే వేళ్ళు ఆడవన్నావుగా?"

ఎట్టకేలకు గుర్తొచ్చింది ఆయనకు. ఆమె సంచి జిప్పు లాగుతూ అంది: "వాళ్ళు కనిపించేలా నిలబడి చూస్తారు కదండీ. అలవాటు చేసుకుంటాను."

అన్నం డబ్బా సర్దుకోవడానికి వంటింట్లోకి వెళ్ళింది.

ఆయన దిండు లేని కుర్చీలో చతికిలబడ్డాడు. ఆ మాట ఎలా అర్థం చేసుకోవాలో తేల్చుకోలేక చేతులు నలుపుకున్నాడు. తర్వాత మౌస్ పట్టుకున్నాడు. ఏం చెయ్యబోతున్నాడో నాకు తెలిసిపోయింది. గుట్టుగా దాన్ని తీసేస్తాడు. నేను లేడిలా పరుగెత్తుతాను. 'చూశావా, బాగుచేశాను' అని వంటింట్లోకి కేకేస్తాడు. ఆమె దిండు మళ్ళీ కుర్చీ మీదికొస్తుంది. సోమశేఖరం పరువు నిలబడుతుంది. నిజం చెప్పొద్దూ, నాకూ అదే కావాలనిపించింది.

ఫోటోలు దాచిన మూల తెరిచాడు. చెరిపేసే ముందు, ఎందుకో మరి, వాటిని వరసగా జరుపుతూ పోయాడు. సామెతలు పంక్తి పంక్తిగా పెరుగుతున్నాయి. ఇదివరకు నేను బిగుసుకుపోయినప్పుడు గల్లంతైన పేజీలు మళ్ళీ మొదటి నుంచి పెరుగుతున్నాయి. ఒకచోట ఆయన చెయ్యి ఆగిపోయింది.

ఆ ఫోటోలో సామెతల మీద ఒక చిన్న కిటికీ తెరిచి ఉంది. నాలో ఆ క్షణాన ఏయే ప్రోగ్రాములు నడుస్తున్నాయో చూపించే కిటికీ. అందులో ఆయన పెట్టిన దాని పేరు నీలంగా వెలుగుతోంది. బాణం గుర్తు 'ముగించు' మీద ఉంది. ఆమె వేళ్ళు అప్పుడూ అలవాటుగా సేవ్ నొక్కేశాయి, తను పట్టుబడిన క్షణాన్ని కూడా అది బుద్ధిగా ఫోటో తీసి దాచింది. తర్వాతి ఫోటోలో ఆ కిటికీ లేదు. సామెతలే ఉన్నాయి. ముగించలేదు.

తారీఖు చూశాడు. ఆగ్నేయం మూలకు జరపకముందు. బాషా రాకముందు. అంటే ఆ కాఫీ గ్లాసులు పట్టుకుని నవ్వినప్పుడు ఆమెకు తెలుసు. ఫార్మాట్ వద్దన్నప్పుడూ తెలుసు.

ఆయన ఆ ఫోటోను అలాగే ఉంచి, పక్కనే ఆ ప్రోగ్రామును తీసెయ్యడానికి మీట నొక్కాడు. 'ఈ ప్రోగ్రామును పూర్తిగా తొలగించాలా?' అని అడిగాను. అడగడం నా పద్ధతి. 'అవును', 'కాదు' పక్కపక్కన నిలబెట్టాను. ఆయన వేలు 'అవును' మీద పెట్టి, తీసేశాడు.

"ఇందూ, ఒకసారి ఇలా రా."

సంచి భుజాన వేసుకునే వచ్చింది. కుర్చీ వెనక నిలబడి తెర చూసింది.

"నీకు తెలుసు కదూ?" వెనక్కి తిరక్కుండానే అడిగాడు.

"తెలుసండీ."

"మరి తీసెయ్యలేదేం?"

"పెట్టింది నేను కాదుగా."

ఆమె అక్కడే నిలబడి ఉంది. సంచి కింద పెట్టలేదు. వెనక నుంచి ఒక మనిషి చూస్తుంటే వేళ్ళకు ఏమవుతుందో ఆయనకు అప్పుడు తెలిసింది. బాణం గుర్తు 'అవును' పక్క నుంచి జారిపోయింది. మళ్ళీ తెచ్చాడు, మళ్ళీ జారింది. ఆమె చూస్తోంది.

ఆయన ఎడమచేత్తో కుడిచేతి మణికట్టు పట్టుకుని, 'అవును' నొక్కాడు.