నా తప్పు లేదని చూపించే కెమెరా

మా అల్లుడికి మర్యాద ఎక్కువ. ఎంత చేదు మాటైనా నవ్వుతూ చెబుతాడు. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

"అత్తయ్యగారూ, కారుకి ఇది మూడో గీత. ఇంకోటి పడితే బుడంకాయని స్కూలు నుంచి నేనే తెచ్చుకుంటాను," అన్నాడు.

బుడంకాయ నా మనవరాలు, ఏడేళ్ళది. రోజు మొత్తం మీద అది నాకు దక్కేది మూడున్నర నుంచి ఆరింటి వరకే. ఆ కాస్తా లాక్కుంటానంటాడు. ముప్ఫై ఏళ్ళు ల్యాబులో మైక్రోస్కోపుకి కళ్ళప్పగించి రక్తకణాలు లెక్కపెట్టినదాన్ని, నాకు కారు నడపడం రాదట. ఆ గీతలన్నీ ఎదుటివాళ్ళ నిర్వాకమే. చెబితే నమ్మేవాళ్ళేరి? అందుకే డాష్‌కామ్ అని, దారంతా వీడియో తీసే కెమెరా కొనడానికి బయల్దేరాను.

షాపతను బల్ల నిండా పరిచాడు. ఒకటి ముందుకే చూస్తుంది, ఒకటి వెనక్కి కూడా చూస్తుంది, ఇంకోటి కారు లోపలికీ చూస్తుందట. "లోపల చూడ్డానికి ఏముంది నాయనా, నా మొహమా?" అన్నాను. నాది చిన్న కారు మొర్రో అంటున్నా వినకుండా అరచేయంత దాన్ని అంటగట్టబోయాడు. అది అద్దానికి తగిలిస్తే ఇక నాకు రోడ్డు కనబడదు. గంటసేపు వాదించి, అగ్గిపెట్టెంత దాన్ని తెచ్చుకున్నాను.

తెచ్చాక అది పెట్టిన పాట్లు ఇన్నీ అన్నీ కావు. ఎండకి, అద్దానికి అతుక్కునే రబ్బరు కప్పు ఊడి రెండుసార్లు ఒళ్ళో పడింది. గుంతలో చక్రం దిగితే చాలు, ప్రమాదం జరిగిందనుకుని ఆ వీడియో ముక్క దాచిపెట్టుకునేది. అలా వారం తిరక్కుండానే మెమరీ కార్డు నిండిపోయింది. పైగా మాట్లాడేది. నేను రోడ్డు మీది గీత దాటుతున్నానని, ముందు బండికి దగ్గరగా వెళ్తున్నానని ఒకటే సొద. ఇంట్లో వినేది చాలక ఇదొకటా? బటన్లన్నీ నొక్కి దాని నోరు మూయించాను.

గురువారం మనవరాలిని తీసుకొస్తుంటే, బేకరీ ముందు ఆగి ఉన్న వ్యాను చూసుకోకుండా వెనక్కి వచ్చి నా ముందు బంపర్‌ని గుద్దింది. నేను కదల్లేదు, ఆగే ఉన్నాను. వ్యాను డ్రైవరు తిరిగి నా మీదే అరిచాడు. నాలుగో గీత కెమెరా ఎదుటే పడిందని నాకు లోపల సంతోషంగా ఉంది.

సాయంత్రం కూతుర్నీ అల్లుణ్ణీ కూర్చోబెట్టి కార్డు చేతికిచ్చాను. అతను వీడియోని వ్యాను దగ్గరికి జరపబోతే నేనే ఒప్పుకోలేదు. "స్కూలు గేటు నుంచీ పెట్టు బాబూ. నేనెలా నడుపుతానో కూడా చూద్దురుగాని."

పెట్టాడు. రోడ్డు కనబడింది. దాంతోపాటు గొంతు వినబడింది. నేను మూయించింది కెమెరా నోరే, చెవులు కావు.

"అమ్మమ్మా, ఎర్రది పడింది, ఆగు."

"కుడి పక్కన సైకిలు."

"ఇంకా లేదు, ఇంకా లేదు. ఆఁ, ఇప్పుడు పోనియ్."

నాలుగు సిగ్నళ్ళు, నాలుగుసార్లూ అదే గొంతు. తర్వాత వ్యాను వచ్చి గుద్దింది. "మీ తప్పేం లేదు అత్తయ్యగారూ," అన్నాడు అల్లుడు. ఈసారి నవ్వలేదు.

"అమ్మా, అది నీకు లైట్లు చెప్పడమేంటి?" అంది కూతురు.

"అది మా ఇద్దరి ఆట," అన్నాను. పూర్తిగా అబద్ధం కాదు. ఒకరోజు ఎదురెండలో సిగ్నలు సరిగ్గా కనబడక అడిగాను, అది చెప్పింది. మర్నాడూ అడిగాను. కంటి డాక్టరు దగ్గరికి రేపు వెళ్దాం, ఎల్లుండి వెళ్దాం అని నెట్టుకొస్తున్నాను.

నేల మీద బొమ్మలకి రంగులేసుకుంటున్న బుడంకాయ తల ఎత్తింది. "ఆట కాదమ్మా. అమ్మమ్మకి కనబడకపోతే నేను చెప్పాలి కదా. అందుకే నిద్రొచ్చినా నేను కార్లో పడుకోను."

చెప్పి మళ్ళీ రంగుల్లో పడింది. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఇన్నాళ్ళూ అందరి డ్రైవింగునీ తిట్టిపోస్తూ, నా బండిని ఏడేళ్ళ పిల్ల చేత నడిపించాను.

కారు తాళాలు తీసి అల్లుడి ముందు పెట్టాను.

"రేపు మూడున్నరకి నువ్వే వెళ్ళు బాబూ. వీలైతే నన్నూ ఎక్కించుకో. అది దారంతా నా ఒళ్ళో పడుకుంటుంది."